ఇచ్చట ఇంటి భోజనం లభించును

నల్లరేవు పట్టణం నగరమైన ఏడాది ఊళ్లో రోడ్లు అవే, కాలవలు అవే, కాలవల్లో దోమలూ అవే. మారిందల్లా మునిసిపల్ ఆఫీసు ముందున్న బోర్డు ఒక్కటే. మునిసిపాలిటీ అన్నచోట నగరపాలక సంస్థ అని రాయించారు. రాసేవాడికి జాగా చాలక 'సంస్థ' కింద లైన్లోకి జారిపోయింది. నగరం అన్నాక ఏదో ఒకటి కొత్తగా చెయ్యాలి కదా. రోడ్లు వెయ్యాలంటే కంకర కావాలి, కుళాయిలు తిప్పాలంటే నీళ్లు కావాలి. ఏ సరుకూ అక్కర్లేకుండా ఊరికి ఇవ్వగలిగింది సత్యం ఒక్కటేనని పెద్దలు తేల్చుకుని, నామసత్య విభాగం అని ఒకటి తెరిచారు. బోర్డు మీద ఏం రాసుందో లోపల అదే ఉండాలి. లేకపోతే తాళం.

ఆ విభాగానికి అధికారిగా ఫణిభూషణరావు గారిని వేశారు. ఆయన అంతకుముందు తూనికలు కొలతల శాఖలో పనిచేశారు. అక్కడ తక్కెళ్లనే కాదు, తక్కెళ్లు తూచే రాళ్లనీ, ఆ రాళ్లని తూచే రాళ్లనీ కూడా తూయించిన మనిషి. జనం మూడు పూటలా నమ్మేది నోటిని కాబట్టి సత్యాన్ని హోటళ్లతోనే మొదలుపెడతానని ఆయన ప్రకటించారు.

బస్టాండు పక్కనున్న మిలిటరీ హోటల్లో సర్వర్లు బిర్యానీ పళ్లేలు పట్టుకుని లెఫ్ట్ రైట్ కొట్టడం మొదలైంది. సెల్యూట్ కొట్టినప్పుడల్లా సాంబారు ఎవరో ఒకరి మీద పడేది. వైకుంఠ కేఫ్‌లో టీ తాగాలంటే మరణ ధ్రువీకరణ పత్రం చూపించాలన్నారు. ఆ కేఫు యజమాని పదిరోజులు ఈగలు తోలుకుని, చివరికి 'వైకుంఠానికి దారి మరమ్మతులో ఉంది' అని అట్ట ఒకటి వేలాడదీసి పుట్టింటికి వెళ్లిన భార్యని తీసుకురావడానికి పోయాడు. మైసూరు బజ్జీలు అమ్మేవాళ్లు మైసూరు తేలేక అసలు పేరే పలకడం మానేసి, అవి, అవి అని అమ్ముకుంటున్నారు.

ఇవన్నీ విని తాతబ్బాయి పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆయన మెస్సు కూరగాయల మార్కెట్టు వెనక సందులో ఉంది. ముందు వసారాలో బల్లలు, వెనక వంటిల్లు, వంటింట్లోంచి మెట్లెక్కితే పైన ఒక గది. ఆ గదిలోనే ఆయనా, భార్య మంగతాయారూ ఉంటారు. ఆవిడ వండుతుంది, ఆయన గల్లాపెట్టె దగ్గర కూచుని వచ్చినవాళ్లని పలకరిస్తాడు. వసారా మీద 'ఇచ్చట ఇంటి భోజనం లభించును' అని బోర్డు ఉంది. పెళ్లయిన కొత్తలో కట్టిన బోర్డు. ఇన్నేళ్లలో దాన్ని చూసి అనుమానపడ్డవాడు ఒక్కడూ లేడు. ఆకలేసినవాడు బోర్డు చదువుతాడు గాని దాని మీద చర్చ పెట్టడు.

ఒక మధ్యాహ్నం పప్పుచారు పోపు వీధిలోకి ఘుమఘుమలాడుతుండగా, కేరేజీలు ఇళ్లకి చేరేసే అప్పలస్వామి హాండిలుకి డబ్బాలు తగిలించుకుని సైకిలెక్కుతుండగా, ఫణిభూషణరావు గారు దిగారు. సైకిలుకి దారిచ్చి, బోర్డుని చివరిదాకా చదివి, మళ్లీ మొదటినించి చదివారు.

"ఇది ఇల్లా, హోటలా?"

"హోటలేనండి, ఆయ్. కూచోండి, ఆకు వేయిస్తాను," అన్నాడు తాతబ్బాయి.

"మేము భుజించుటకు రాలేదు. పరిశీలించుటకు వచ్చితిమి."

మేము అన్నారు కదా అని తాతబ్బాయి ఆయన వెనక్కి తొంగి చూశాడు. ఎవరూ లేరు. డ్యూటీలో ఉన్నంతసేపూ ఫణిభూషణరావు గారు ఒక్కరే ఇద్దరు ముగ్గురు ఉంటారని తర్వాత తెలిసింది.

"హోటలైనచో ఇంటి భోజనం ఎటుల లభించును?"

"అంటేనండి, ఇంట్లో తిన్నట్టు ఉంటాదని..."

"అట్టు అన్న మాట బోర్డు మీద లేదు."

"అట్టు మజ్జానం వెయ్యవండి. పొద్దున్న టిఫినుకే."

ఫణిభూషణరావు గారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. అసత్యంతో పాటు అజ్ఞానం కూడా ఉన్నదని డైరీలో రాసుకున్నారు. తాతబ్బాయికి ఇక నవ్వు రాలేదు.

"పోనీ బోర్డు పీకేమంటారా అండి?"

"పీకినచో ఇన్నాళ్లు ఉన్నది అసత్యమని మీరే అంగీకరించినట్లు. అంగీకరించినవారికి తాళము."

"ఉంచేస్తేనో?"

"ఉంచినచో నిజము చేయవలెను. చేయనిచో తాళము."

తాతబ్బాయి తలెత్తి పైగదికేసి చూశాడు. మెస్సుకి తాళం పడితే బేరం పోవడమే కాదు. పైగదికి మెట్లు వంటింట్లోంచే. ఇది ఇల్లని రుజువు చెయ్యలేకపోతే, ఉన్న ఇల్లు కూడా తాళం వెనకే ఉండిపోతుంది.

వెళ్తూ వెళ్తూ అధికారి గారు ఒకసారి గాలి పీల్చారు. "ఇంటి భోజనమనిన మా ఇంటిది. మా శ్రీమతి పప్పుచారు పెట్టిన దినమున మాకు మధ్యాహ్నము నిద్ర కూడా రాదు, దానినే తలచుకొనుచుందుము. హోటలులో అది వచ్చునా?" అన్నారు. తాతబ్బాయి రాదండి, రాదండి అని తలూపాడు.

వారం తిరక్కుండా 'గృహత్వ ప్రమాణములు' అని ఒక ఉత్తర్వు వచ్చింది. తాతబ్బాయి దాన్ని పెద్దగా చదువుతుంటే, భార్య గుమ్మంలో నిలబడి గరిటెతో చెయ్యి గోక్కుంటూ వింది. తింటున్న జోగారావు నమలడం ఆపి విన్నాడు.

ఈ జోగారావు సంగతి చెప్పాలి. రిజిస్ట్రారాఫీసులో గుమస్తా. ఇల్లు రెండు వీధుల అవతలే. ఇంట్లో భార్య ఉంది, తల్లి ఉంది, అత్తగారు కూడా వచ్చి ఉంది. ముగ్గురూ వంటలో ఘనులే. అయినా రోజూ మధ్యాహ్నం ఈ మెస్సుకే వస్తాడు. ఇక్కడ ఎవరూ ఏమీ అడగరని.

"గృహమన్నచో వడ్డించువారు కొసరి కొసరి వడ్డించవలెను. తినువారు వద్దు వద్దనుచు ఆకుపై చేయి అడ్డము పెట్టవలెను. ఆ చేతిపైననే వడ్డించవలెను," అని చదివాడు తాతబ్బాయి.

"చెయ్యి కాలిపోదూ?" అంది మంగతాయారు.

"ఆలస్యముగా వచ్చినవారిని కారణమడుగవలెను. చెప్పిన కారణమును నమ్మరాదు."

జోగారావుకి పొలమారింది.

"రాత్రి మిగిలిన కూర ఒకటి విధిగా ఉండవలెను. దానిని పారబోయుటయా, తినుటయా అను విషయమై వాదన జరుగవలెను. ఉప్పు తక్కువైనదని ఒకరైనా అనవలెను. తినువారిలో కనీసం ఒకరిని ప్రతిదినము మందలించవలెను. అలిగి భోజనము మానివేయు వ్యక్తి ఒకరు తప్పనిసరి."

మంగతాయారు వంటింట్లోకి పోయి, ఉడుకుతున్న పప్పుని ఓసారి కలిపి వచ్చింది.

"వండేసరికే నా ఓపిక అయిపోతంది. మళ్లీ తిట్టడానికి ఓపికెక్కడ తేను?" అంది మంగతాయారు.

"తిట్టకపోతే తాళం తాయారూ," అన్నాడు తాతబ్బాయి. మొగుడు తిట్టమని బతిమాలుకోవడం ఆవిడకి అదే మొదలు.

మర్నాడు ఆవిడ బెరుకు బెరుకుగానే మొదలుపెట్టింది. తినడానికి వచ్చిన ఒక మెడికల్ రిప్రజెంటేటివుని, "బాబూ, ఏవనుకోకు, ఆ జుట్టేంటి బాబూ," అంది. అతను నవ్వాడు. తర్వాత ఒక లెక్చరరు గారిని, "పెళ్లి మాటేం చేశారు?" అని అడిగింది. ఆయన నవ్వలేదు. మూడో ఆకు దగ్గరికి వచ్చేసరికి ఆవిడ గొంతు సవరించుకుంది. జోగారావు కనిపించాడు.

"ఏవయ్యా జోగారావూ, ఆ చొక్కాకి బొత్తం ఊడి ఎన్నాళ్లయింది? ఇంట్లో సూదీ దారం లేవా? ఇంత ఆలస్యం దేనికయింది? రిజిస్ట్రారు మీటింగు పెట్టారా? పెట్టలేదు. అబద్ధం. అటు కిళ్లీ కొట్టు దగ్గర నిలబడ్డావు, నేను చూళ్లేదనుకున్నావా?"

జోగారావు నిజంగానే కిళ్లీ కొట్టు దగ్గర నిలబడ్డాడు. మెతుకు దిగలేదు. ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టి వద్దన్నాడు. నిబంధన ప్రకారం ఆ చేతి మీదే సాంబారు పడింది. ఆ సాయంత్రం అతను తాతబ్బాయి దగ్గర కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

"ఊళ్లో నాకు ఇల్లు కానిది ఇదొక్కటే ఉండేదండి తాతబ్బాయి గారూ. ఇప్పుడు ఇదీ ఇల్లయిపోయింది. నేనెక్కడికి పోను?"

తాతబ్బాయికి జాలేసింది. ఏం చెయ్యగలడు? జోగారావు ఇంటికి పోయి తిందామనుకున్నాడు గాని, ఇన్నాళ్లూ ఎక్కడ తిన్నావని అడుగుతారని భయపడి మర్నాడు మళ్లీ ఇక్కడికే వచ్చాడు.

పాతవాళ్లు కొందరు జారుకున్నారు. బేరం సగం అయింది. తాతబ్బాయి దిగులుపడి కూచున్న రోజుల్లోనే కొత్తవాళ్లు రావడం మొదలెట్టారు. పేట చివర గదుల్లో ఒంటరిగా ఉండేవాళ్లు, పెళ్లాం పోయినవాళ్లు, ట్రాన్స్‌ఫరు మీద వచ్చినవాళ్లు. ఊళ్లో ఒకచోట తిడుతున్నారని ఆ నోటా ఈ నోటా విని వచ్చారు. కరెంటాఫీసు ఏఈ ఒకాయన కావాలని ఆలస్యంగా వచ్చి, గుమ్మంలో నిలబడి, అడిగేదాకా లోపలికి అడుగు పెట్టేవాడు కాదు. మంగతాయారు, "ఇప్పుడా రావడం?" అన్నాక ముఖం వెలిగిపోయి కూచునేవాడు. ఆవిడకి కూడా అలవాటైపోయింది. రాత్రి పైగదిలో పడుకుని, రేపెవర్ని ఏమనాలా అని ఆలోచించుకునేది.

ఇక గట్టెక్కామనుకుంటుండగా ఫణిభూషణరావు గారు మళ్లీ వచ్చారు. ఈసారి ఆయన చూపు గల్లాపెట్టె మీద పడింది.

"ఇంట్లో గల్లాపెట్టె ఉండునా?"

"ఉండదండి. మరి డబ్బులు..."

"ఇంట్లో అన్నము పెట్టి డబ్బు తీసుకొందురా?"

"తీసుకోపోతే ఇల్లెలా గడుస్తాదండి?"

"గృహిణి ధనమును ఎచట దాచును?" అని ఆయన తనని తానే ప్రశ్నించుకున్నారు. బహుశా తనలో రెండో ఆయన్ని అడిగి ఉంటారు. "మా గృహమందు పోపులడబ్బాలో దాచుదురు. మాకు తెలియదని మా శ్రీమతి నమ్మకము."

దాంతో గల్లాపెట్టె అటకెక్కింది. వసారాలో ఒక స్టూలు మీద పోపులడబ్బా పెట్టారు. తిన్నవాళ్లు అటూ ఇటూ చూసి, ఎవరూ చూడకుండా, ఆవాల కింద డబ్బు దాచి, ఏమీ ఎరగనట్టు వెళ్లిపోవాలి. తాతబ్బాయి చూసినా చూడనట్టు గోడకేసి తిరిగి కూచోవాలి. ఇరవై ఏళ్లు వీధికేసి కూచున్నవాడు గోడకేసి కూచుంటే ఆయనకి తలనొప్పి పట్టుకుంది. ఊళ్లో మారే నోట్లన్నిటికీ ఇంగువ వాసన వచ్చింది. బ్యాంకులో కేషియరు తుమ్ముతూ లెక్కపెట్టేవాడు.

ఆ తర్వాతి ఉత్తర్వు అసలుది. ఇంట్లో తినేవాళ్లు కుటుంబ సభ్యులై ఉండాలి. కాబట్టి మెస్సులో తినే ప్రతివారూ తాతబ్బాయికి ఏమవుతారో రాయించుకోవాలి. జోగారావుకి రిజిస్ట్రారాఫీసు అనుభవం ఉంది గనక, వసారాలో బల్ల వేసుకుని బంధుత్వాలు రాసే పని అతనికే అప్పజెప్పారు. మొదట వచ్చిన ఏఈ గారిని ఏం రాయమంటారని అడిగాడు.

ఏఈ గారు కొంచెం ఆలోచించి, "అల్లుడని రాయండి," అన్నారు.

వెనక వరసలో ఉన్నవాళ్లకి వెలిగింది. తమ్ముడికి గోంగూర, బాబాయికి గౌరవం, అల్లుడికైతే గారెలు. ఎవరు మాత్రం బాబాయి అవుతారు? మెడికల్ రిప్రజెంటేటివు అల్లుడు. లెక్చరరు అల్లుడు. డెబ్భై దాటిన పింఛనుదారు వీరభద్రం గారు కర్ర ఊతగా వచ్చి, కాస్త సిగ్గుపడుతూ అల్లుడే అన్నారు. సాయంత్రమయ్యేసరికి తాతబ్బాయికి వందమంది దాకా అల్లుళ్లు తేలారు. ఆయనకి కూతుళ్లు లేరు.

అల్లుళ్లయ్యాక వాళ్ల నడక మారింది. పిలిస్తే గాని రారు. వచ్చి కాళ్లకి నీళ్లివ్వలేదని నిలబడతారు. మంగతాయారు ఎవరినీ తిట్టడానికి లేదు, అల్లుణ్ణి తిట్టే ఇల్లుందా? ఆవిడ తలుపు చాటునుంచి మాట్లాడాల్సి వచ్చింది. గారెలు వేసి వేసి ఆవిడ చేతులు వాచాయి. తిట్టడానికి ఆవిడకి మిగిలింది జోగారావు ఒక్కడే. అందర్నీ రాసి రాసి, తనని రాసుకునేసరికి అల్లుళ్లు చాలని పై ఆఫీసు కబురుపెట్టింది. అతను ఆడపడుచు కొడుకయ్యాడు.

"ఇంకెన్నాళ్లండి ఇది?" అంది మంగతాయారు ఒక మధ్యాహ్నం, అందరి భోజనాలూ అయ్యాక, పొయ్యి దగ్గర గోడకి చేరబడి. "ఇల్లంటే ఇల్లు కాదు, హోటలంటే హోటలు కాదు."

"ఆఖరి పరీక్ష ఒకటి ఉందంట. అది గట్టెక్కితే పట్టా ఇచ్చేస్తారంట," అన్నాడు తాతబ్బాయి. "ఒకటే లోటు తాయారూ. అలిగే మనిషి దొరకలేదు."

ఆ లోటు నిజమే. అల్లుళ్లకి అలగడం చేతనవుతుంది గాని భోజనం మానడం చేతకాదు. డబ్బులిస్తామని జోగారావుని బతిమాలితే ఒకపూట గోడకేసి తిరిగి అలిగాడు. ఆవకాయ జాడీ మూత తియ్యగానే ఇటు తిరిగాడు. ఆకలేసి మెస్సుకి వచ్చేవాళ్లలో అన్నం మీద అలిగేవాణ్ణి ఎక్కడ తెస్తారు? ఆ ఖాళీ అలాగే ఉండిపోయింది.

పరీక్షకి కమిటీ వచ్చింది. ఫణిభూషణరావు గారూ, కమిటీకి అధ్యక్షులుగా పశువైద్యశాఖలో రిటైరైన ఒక పెద్దాయనా. పెద్దాయన అలవాటు కొద్దీ తాతబ్బాయి కనురెప్ప కిందికి లాగి చూసి, కూచున్నారు. ఇద్దరికీ ఆకులు వేశారు. ఫణిభూషణరావు గారు ముట్టుకోలేదు.

"ఈ భోజనము ఇంటి భోజనమువలె ఉన్నదా లేదా అని తేల్చవలెను," అన్నారు అధ్యక్షులు ముద్దపప్పులో నెయ్యి కలుపుకుంటూ.

తాతబ్బాయి భయంభయంగా అడిగాడు. "ఎవరింటి భోజనంలాగండి?"

అధ్యక్షుల చెయ్యి ఆగిపోయింది. ఎవరిల్లు? ఒక ఇంట్లో చారు పల్చన, ఒక ఇంట్లో చిక్కన. ఫణిభూషణరావు గారి ముఖంలో మాత్రం పాత శాఖ తాలూకు కాంతి వచ్చింది.

"కిలోకు ప్రామాణిక రాయి ఉన్నట్లు ఇంటికి ప్రామాణిక గృహము ఉండవలెను. మా గృహము సిద్ధముగా ఉన్నది. ఇప్పుడు సమయము పన్నెండున్నర. మేము ఒంటిగంటకు గాని ఇంటికి పోము. అనగా ముందస్తు సమాచారము లేకుండా పరీక్షించవచ్చును. ఈ పదార్థములను గిన్నెలలో పట్టించి తెండు."

అందరూ బయల్దేరారు. ముందు అధికారి గారు, వెనక అధ్యక్షులు, ఆ వెనక పప్పుచారు గిన్నె ఒలక్కుండా పట్టుకుని తాతబ్బాయి, కొంగు బిగించుకుని మంగతాయారు, సాక్షిగా జోగారావు. మామగారిని ఎక్కడికో తీసుకుపోతున్నారని తెలిసి కొందరు అల్లుళ్లు కూడా వెంటపడ్డారు. దారంతా తాతబ్బాయికి ఒకటే ఆలోచన. అధికారి గారింటి పప్పుచారు ముందు తన పప్పుచారు ఓడిపోతే ఈ రాత్రి పడుకునేది ఎక్కడ?

ఇల్లు కోర్టు వెనక వీధిలో మేడ. ఫణిభూషణరావు గారి భార్య వసంతలక్ష్మి తలుపు తీసింది. వాకిట్లో జనాన్ని చూసి ఒక్క క్షణం ఆగి, మర్యాదగా రమ్మంది.

"వంట అయినదా?" అన్నారు అధికారి గారు.

"ఇంకో ఐదు నిమిషాల్లో అయిపోతుంది," అందావిడ వీధికేసి చూస్తూ.

అధ్యక్షులు వంటింట్లోకి తొంగి చూశారు. పొయ్యి మీద పిల్లి పడుకుని ఉంది. ఆయన అలవాటుగా దాని చెవులు పరీక్షించి, పొయ్యి మీద చెయ్యి పెట్టి చూశారు. "చల్లగా ఉంది. పిల్లి మాత్రం ఆరోగ్యంగా ఉంది," అన్నారు.

అప్పుడే వాకిట్లో సైకిలు బెల్లు మోగింది. అప్పలస్వామి కేరేజీ పట్టుకుని, "మేడింటమ్మగారూ," అని పిలుస్తూ లోపలికొచ్చి తాతబ్బాయిని చూసి నిలబడిపోయాడు.

"ఇదేంటండీ, మీరే తెచ్చేశారా? మరి నన్నెందుకు పంపారు?"

మంగతాయారు కేరేజీని చూసింది. తన కేరేజీయే. ఆ మేడ ఎవరిదో ఎరగకుండానే రోజూ తన చేత్తో కట్టే మేడింటి కేరేజీ.

ఫణిభూషణరావు గారు భార్యకేసి తిరిగారు. ఈసారి మేము అనలేదు. "ఎన్నాళ్ల నించి?" అన్నారు.

"మీ నామసత్యం వచ్చిన దగ్గర్నించి," అంది వసంతలక్ష్మి, నింపాదిగా. "ఓ రోజు పప్పుచారు వడ్డించాను. ఇది పప్పా, చారా, ముందు తేల్చి వడ్డించమన్నారు. పొయ్యి ఆర్పేసి తేల్చుకున్నాను. అప్పట్నించీ కేరేజీ. మీకు బాగానే ఉందిగా. మొన్న కూడా రెండోసారి వేయించుకున్నారు."

అధ్యక్షులు విధి మరిచే మనిషి కాదు. తాతబ్బాయి గిన్నెలో ఒక చెంచా, కేరేజీలో ఒక చెంచా రుచి చూశారు. కళ్లు మూసుకున్నారు.

"ఒకటే," అన్నారు. "ప్రామాణిక గృహంలోని భోజనమూ, ఈ మెస్సు భోజనమూ ఒకటే. కాబట్టి మెస్సులోది ఇంటి భోజనమే. బోర్డు సత్యం."

తాతబ్బాయి గిన్నె కింద పెట్టి రెండు చేతులూ జోడించాడు. అల్లుళ్లు చప్పట్లు కొట్టారు. మంగతాయారు కొంగుతో ముఖం తుడుచుకుంది. అధ్యక్షులు మాత్రం ఇంకా చూపుడువేలు ఎత్తే ఉంచారు.

"అయితే, ఏ చోట ఇంటి భోజనం దొరుకుతుందో అది ఇల్లు. ఏ చోట బయటి భోజనం వడ్డిస్తారో అది హోటలు. ఈ మేడ గేటు మీద ఏమని ఉంది?"

అప్పలస్వామి వెళ్లి చదివొచ్చాడు. "'స్వగృహ' అనుందండి."

"హోటలుకి స్వగృహ అని పేరు. లైసెన్సు లేదు," అన్నారు అధ్యక్షులు విచారంగా. "ఫణిభూషణరావు గారూ, ఉత్తర్వు మీదే. ఏం చెయ్యమంటారు?"

గేటు మీద పేరు చెరిపేస్తే ఇన్నాళ్లూ అసత్యమని అంగీకరించినట్టు. ఉంచితే నిజం చెయ్యాలి. నిజం చెయ్యాలంటే వసంతలక్ష్మి పొయ్యి వెలిగించాలి. ఆవిడ అప్పటికే బట్టలు పెట్టెలో సర్దుకుంటోంది. మూడు గంటలకి మేడకి తాళం పడింది. కాగితం మీద సంతకం చెయ్యాల్సింది నామసత్య అధికారే గనక ఆయనే చేశారు.

వసంతలక్ష్మి పిల్లిని చంకన పెట్టుకుని అక్కగారింటికి వెళ్లింది. ఆయన వెళ్లడానికి లేదు. ఆ ఇంటి గేటు మీద 'శాంతి నిలయం' అనుంది. లోపల శాంతి కనిపించలేదని కిందటి నెలే ఆయన నోటీసు ఇచ్చి ఉన్నారు. ఆ రాత్రి ఆఫీసు బల్ల మీద పడుకున్నారని వాచ్‌మన్ చెప్పాడు.

మర్నాడు మధ్యాహ్నం, అల్లుళ్లందరూ తిని, ఆవాల కింద దాచవలసింది దాచి వెళ్లిపోయాక, ఫణిభూషణరావు గారు మెస్సు గుమ్మంలోకి వచ్చారు. గడ్డం మాసింది. చొక్కాకి బొత్తం లేదు. ఏఈ గారు నిలబడే చోటే నిలబడ్డారు.

తాతబ్బాయికి ముందు కోపం వచ్చింది. వందమంది అల్లుళ్లూ, ఇంగువ నోట్లూ, గోడకేసి కూచున్న తలనొప్పీ అన్నీ గుర్తొచ్చాయి. తర్వాత ఆ బొత్తం లేని చొక్కా చూసి కోపం నిలవలేదు. జోగారావు తన బల్ల దగ్గర లేచి నుంచుని గొంతు సవరించుకున్నాడు. నిబంధన నిబంధనే కదా.

"ఏవవుతారని రాయమంటారండి? అల్లుళ్లు పూర్తయిపోయారు. బాబాయిలూ లేరు. ఒక్కటే ఖాళీ ఉంది. అలిగే మనిషి."

ఫణిభూషణరావు గారు కాగితం మీద ఆ ఖాళీకేసి వంగి చూశారు. "రాయండి," అన్నారు. వెళ్లి మూల బల్ల దగ్గర గోడకేసి తిరిగి కూచున్నారు.

"నాకు వద్దు," అన్నారు.

ఊళ్లో అలా అనగలిగినవాడు అన్ని రోజులకి దొరికాడు. మంగతాయారు వంటింట్లోంచి గిన్నె పట్టుకుని వచ్చింది. ఆకు వేసింది, నీళ్లు చల్లింది.

"ఇంత ఆలస్యమా? నిన్న రాత్రి ఏం తిన్నారు? ఏవీ తిన్లేదు, మొహం చూస్తే తెలుస్తంది. ఆ బొత్తమేంటి? తినేసి చొక్కా విప్పి ఇవ్వండి, కుడతాను."

ఆయన ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టారు. ఆవిడ ఆ చేతి మీద పొయ్యలేదు. చెయ్యి పట్టుకుని పక్కకి తీసి, అన్నం పెట్టి, గుంట చేసి, పప్పుచారు పోసింది. ఆయన దానికేసి చూశారు. పెదవులు కదిలాయి. అది పప్పో చారో ఆయన అడగలేదు. కలుపుకుని తిన్నారు. రెండోసారి వేయించుకున్నారు. మూడోసారి వేయించుకుంటూ తలెత్తి, ఆవిడ ముఖంకేసి చూశారు.

"మీరు తిన్నారా అమ్మా?" అన్నారు.

మంగతాయారు చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. ప్రమాణాల్లో ఉప్పు తక్కువ ఉంది, రాత్రి కూర ఉంది, అల్లుడున్నాడు, అలక ఉంది. ఆ ప్రశ్న ఎక్కడా లేదు. ఇన్నేళ్లలో ఆ వసారాలో ఎవరూ అడగలేదు. తాతబ్బాయి వెనక్కి వెనక్కి వెతుక్కున్నాడు. తను కూడా అడిగిన గుర్తు లేదు. సిగ్గుతో ఆయన తల దించుకున్నాడు.

అంతలో ఫణిభూషణరావు గారి ఎడం చెయ్యి, అలవాటు కొద్దీ, జేబులో కలం కోసం వెళ్లింది.

"ఇదొక్కటీ రాసుకోకండి బాబూ," అంది మంగతాయారు. తాతబ్బాయి లేచి వెళ్లి ఇంకో రెండు ఆకులు తెచ్చాడు.